క్రాప్ నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కు మారాలా? డబ్బు కట్టేముందు చూసుకోవలసినవి

పెళ్లిళ్ల సీజన్ ముగిసి చేతిలో కాస్త డబ్బు నిలిచే నెలల్లో హనుమకొండ, కాజీపేట, జనగామ వైపు ఫోటోలు తీసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "అక్కా, ఫుల్‌ఫ్రేమ్‌కు మారమంటారా?" క్రాప్ అంటే చిన్న సెన్సర్ (వెలుతురు పట్టే చిప్) ఉన్న కెమెరా, ఫుల్‌ఫ్రేమ్ అంటే పెద్దది ఉన్నది. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫుల్‌ఫ్రేమ్ వల్ల వచ్చే లాభం నిజమే, అయితే అది ఒక స్టాపు (రెట్టింపు వెలుతురు), ఇంకొంచెం. ఆ లాభం ఫోటోలో కనిపించాలంటే బాడీతో (లెన్స్ లేని కెమెరా) పాటు దానికి తగ్గ లెన్స్‌కూ డబ్బుండాలి. రెంటికీ కలిపి లేనప్పుడు బాడీ మార్చకండి. ఉన్న క్రాప్ బాడీకే మంచి లెన్స్, రెండు ఫ్లాష్‌లు కొనండి.

ఆ ఒక స్టాపు ఎక్కడిది?

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36 × 24 మి.మీ. పాత ఫిల్ము రోజుల్లో 35 మి.మీ. రీలు మీద పడే బొమ్మ కొలత కూడా అదే. 1925లో లైకా కెమెరా మార్కెట్‌లోకి వచ్చాక స్థిరపడిపోయింది. నికాన్, సోనీ, ఫ్యూజీఫిల్మ్ క్రాప్ సెన్సర్లు సుమారు 23.5 × 15.6 మి.మీ. ఉంటాయి. కెనాన్‌ది ఇంకా కొంచెం చిన్నది, 22.3 × 14.9. వైశాల్యం లెక్క కడితే ఫుల్‌ఫ్రేమ్ మొదటివాటికి 2.4 రెట్లు, కెనాన్ క్రాప్‌కు 2.6 రెట్లు పెద్దది. వెలుతురు రెట్టింపయితే ఒక స్టాపు. అంటే తేడా 1.2 నుంచి 1.4 స్టాపులు. చేతిలెక్కగా, మీ క్రాప్ బాడీలో ఐఎస్‌ఓ (వెలుతురును ఎంత పెంచి చూపించాలన్న అమరిక, పెరిగేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 2500 దగ్గర ఫోటో ఎంత శుభ్రంగా ఉంటుందో, అదే తరానికి చెందిన ఫుల్‌ఫ్రేమ్‌లో 6400 దగ్గర దాదాపు అంత శుభ్రంగా ఉంటుంది. అదే తరం అన్న మాట గుర్తుంచుకోండి. పదిహేనేళ్ల కిందటి ఫుల్‌ఫ్రేమ్‌ను ఇవాళ్టి క్రాప్ బాడీ పక్కన పెట్టి ఈ లెక్క చెప్పకూడదు.

ఈ లెక్కలో చాలామంది వదిలేసే సగం లెన్స్‌ది. ఫుల్‌ఫ్రేమ్ ఎక్కువ వెలుతురు పట్టుకునేది రెండు బాడీల మీదా అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఒకటే ఉన్నప్పుడు. డబ్బంతా బాడీకే పోసి, దాంతో వచ్చిన చిన్న కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. కెనాన్ ఆర్8 ఫుల్‌ఫ్రేమ్‌తో ఇచ్చే 24-50 లెన్స్ 50 దగ్గర ఎఫ్ 6.3 వరకే తెరుచుకుంటుంది. కెనాన్ క్రాప్ బాడీకి సిగ్మా 17-50, ఎఫ్ 2.8 పెట్టామనుకోండి. క్రాప్ గుణకం (ఫుల్‌ఫ్రేమ్ అడ్డకొలత క్రాప్‌కు ఎన్ని రెట్లో) 1.6తో హెచ్చిస్తే అది ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్ 4.5తో సమానం. 4.5కూ 6.3కూ మధ్య దాదాపు ఒక స్టాపు. అంటే ఆ జూమ్ చివరన కొత్త ఫుల్‌ఫ్రేమ్ కన్నా పాత క్రాప్ బాడీకే రెట్టింపు వెలుతురు అందుతోంది. లక్షలు పెట్టి వెనక్కు నడిచినట్టే.

నర్సంపేట వైపు పెళ్లిళ్లు తీసే ఒక తమ్ముడు నికాన్ క్రాప్ బాడీ, 18-140 లెన్స్‌తో నా దగ్గరకు వచ్చాడు.

"అక్కా, రాత్రి ఫోటోలన్నీ గరుకుగా వస్తున్నాయి. ఫుల్‌ఫ్రేమ్ తీసుకుంటే పోతుందా?"

"ఏ అపర్చర్‌లో తీస్తున్నావు?"

"లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత, అక్కా."

ఫైళ్లు తెరిచి చూస్తే ఎక్కువ ఫోటోలు 50 మి.మీ. దగ్గర, ఎఫ్ 5 అటూఇటూ ఉన్నాయి. ఎఫ్ 5 నుంచి ఎఫ్ 2.8కు వస్తే ఒకటిన్నర స్టాపుకు పైనే లాభం. ఫుల్‌ఫ్రేమ్ ఇచ్చేదానికన్నా అదే ఎక్కువ, ఖర్చు అందులో చిన్న భాగం. లెన్స్ మార్చుకోమని చెప్పాను, మార్చుకున్నాడు. బాడీ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ముందుగా మీ ఫోటోలు తెరవండి

లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లకు ఇది తేలిక. లైబ్రరీలో పైనున్న ఫిల్టర్ పట్టీలో మెటాడేటా నొక్కితే ఏ లెన్స్‌తో, ఏ ఫోకల్ లెంగ్త్‌లో (50 మి.మీ. లాంటి లెన్స్ కొలత), ఏ ఐఎస్‌ఓలో ఎన్ని తీశారో వరుసగా చూపిస్తుంది. కిందటి సీజన్ మొత్తం ఎంచుకుని చూడండి. ఐఎస్‌ఓ 3200 దాటినవి చాలా తక్కువగా ఉంటే మారడానికి వెలుతురు కారణం కాదు. మరో కారణం ఉందేమో చూసుకోవాలి.

3200 దాటినవి బాగానే ఉంటే వాటిలో మీకు నచ్చని వాటిని పక్కకు తీసి, ఒక్కొక్కటి ఎందుకు చెడిందో రాయండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. అయినా చేయండి, మొత్తం నిర్ణయం దీని మీదే నిలబడుతుంది. చెయ్యి కదిలినవి, ఫోకస్ తప్పినవి, పెళ్లికూతురి ముఖం మీద గులాబీ, నీలం రంగు లైట్లు పడినవి సెన్సర్ పెద్దదయినంత మాత్రాన బాగుపడవు. ఫంక్షన్ హాళ్లలో డెకరేషన్ వాళ్లు పెట్టే రంగు లైట్ల కింద చర్మం రంగు చెడిపోతే ఏ బాడీ అయినా అంతే. డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడి, ముహూర్తం వేళకైనా స్టేజీ మీద తెల్ల లైటు వేయించుకోవాలి.

ఫోటో మీద అడ్డంగా పడే చారల సంగతీ అంతే. మన కరెంటు 50 సైకిళ్లది కాబట్టి చౌక ఎల్‌ఈడీ లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షటర్ 1/100 లేదా 1/50 పెట్టి, మెకానికల్ షటర్ వాడి, బాడీలో ఫ్లికర్ తగ్గించే మోడ్ ఉంటే ఆన్ చేస్తే చారలు చాలావరకు తగ్గుతాయి. స్టేజీ వెనకాల పెట్టే ఎల్‌ఈడీ తెరల వేగం వేరు, వాటికి షటర్ అటూఇటూ మార్చి చూసుకోవాల్సిందే. సైలెంట్ షటర్‌లో అయితే పెద్ద సెన్సర్ చదవడానికే ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి కొన్ని ఫుల్‌ఫ్రేమ్ బాడీల్లో చారలు ఇంకా పెరుగుతాయి.

ఇవన్నీ తీసేశాక మిగిలేవి: షటర్ సరిగ్గానే ఉంది, ఫోకస్ కుదిరింది, లెన్స్ పూర్తిగా తెరిచే ఉంది, ఫ్లాష్ వాడే వీలు లేదు, అయినా ఫోటో గరుకుగా ఉంది. ఈ కుప్ప పెద్దదయితేనే ఫుల్‌ఫ్రేమ్ గురించి ఆలోచించండి.

ఆ కుప్పలో కూడా కొన్ని ఇంట్లోనే బాగుపడతాయి. 2023లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ (గరుకుదనం తీసే సాధనం) వచ్చింది. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) మీద పని చేస్తుంది. ఐఎస్‌ఓ 6400లో తీసిన క్రాప్ ఫైలును ఆల్బమ్‌కు పనికొచ్చేలా చేస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ఒక్కో ఫోటోకు నిమిషాలు పడుతుంది కాబట్టి పెళ్లి మొత్తానికి కాక, ఎంచుకున్న వాటికే వాడుకోవాలి.

పెళ్లిలో లాభం ఎక్కడ, ఎక్కడ కాదు

జీలకర్ర బెల్లం పెట్టే క్షణం తీసుకుందాం. అడ్డుతెర దిగుతుంది, ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి. మీరు పెళ్లికూతురి భుజం పక్కనుంచి తీస్తున్నారు. ఆమె చేతి గోరింటా స్పష్టంగా ఉండాలి, అవతల అతని కళ్లూ స్పష్టంగా ఉండాలి. క్రాప్‌లో ఎఫ్ 4, ఐఎస్‌ఓ 3200తో ఆ లోతు దొరికితే, అదే లోతు కోసం ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్ 6 దాకా మూయాలి. షటర్ వేగం అదే ఉంచాలంటే ఐఎస్‌ఓ 7000 దాటుతుంది. ఫోటోలో నాయిస్ (గరుకుదనం) రెండింటిలోనూ ఒకటే! స్టేజీ మీద మూడు వరుసల్లో బంధువులు నిలబడ్డ గ్రూపు ఫోటోకూ ఇదే లెక్క. లోతు కావలసిన ప్రతిచోటా పెద్ద సెన్సర్ లాభం కరిగిపోతుందన్న మాట అమ్మేవాళ్లెవరూ చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాశాను. పెళ్లి ఆల్బమ్‌లో సగానికి పైగా ఫోటోలు ఇలాంటివే, అక్కడ పని చేసేది ఫ్లాష్. హాలు సీలింగ్‌కు నల్ల గుడ్డ కట్టి ఉంటే పైకి కొట్టిన ఫ్లాష్ తిరిగి రాదు. స్టాండ్ల మీద రెండు ఫ్లాష్‌లు, ఒక ట్రిగ్గర్ ఉంటే చాలు.

లాభం ఉండేది ఒక్క ముఖం స్పష్టంగా ఉంటే సరిపోయే చోట, వెలుతురు నిజంగా లేని చోట, ఫ్లాష్ వేస్తే ఆ వాతావరణమే పోయే చోట. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర నిలబడితే నేను చెప్పేది అర్థమవుతుంది. పొద్దుగూకాకే జనం పెరుగుతారు. చప్పట్లు కొడుతూ తిరిగే చేతులు స్పష్టంగా రావాలంటే షటర్ 1/250 కన్నా తగ్గకూడదు. లెన్స్ ఎఫ్ 1.8 దగ్గర పెట్టినా ఐఎస్‌ఓ 6400, ఒక్కోసారి 12800 అడుగుతుంది. ఆ ఐఎస్‌ఓలో క్రాప్ ఫైలు పెద్దది చేసి బతుకమ్మ పేర్చిన వరుసలు చూడండి. తంగేడు పసుపు, బంతి నారింజ పెద్ద ముద్దలు కాబట్టి తట్టుకుంటాయి. గునుగు పువ్వు మీది సన్నటి తెల్లటి నూగు మాత్రం నాయిస్‌లో కలిసిపోయి తెల్లటి మచ్చగా మిగులుతుంది. డీనాయిస్ దాన్ని ఇంకా నున్నగా చేసి మైనపు పువ్వులా మారుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ ఫైలులో ఆ నూగు నిలుస్తుంది. ఆడేవాళ్ల నల్లటి జడల్లోనూ తేడా ఇలాగే కనిపిస్తుంది. రాత్రి బరాత్, పల్లెలో ఒకే బల్బు కింద జరిగే మంగళస్నానాలు, అప్పగింతల వేళ తల్లి ముఖం: మీ పని ఎక్కువగా ఇలాంటి క్షణాల చుట్టూ తిరుగుతుంటే, నాకు తెలిసి ఆ ఖర్చుకు న్యాయం ఉంది.

నేపథ్యం కరిగిపోయే పోర్ట్రెయిట్ కోసమే మారాలనుకునేవాళ్లు ముందు సిగ్మా 56, ఎఫ్ 1.4 లాంటి క్రాప్ లెన్స్ ఒకసారి పెట్టి చూడండి. 1.5 గుణకం ఉన్న బాడీ మీద అది ఫుల్‌ఫ్రేమ్ 84 మి.మీ., ఎఫ్ 2.1 ఇచ్చే బొమ్మే ఇస్తుంది. 85, ఎఫ్ 1.8తో తీసినదాన్ని పక్కన పెడితే ఏది ఏదో ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేరు.

గుడులు, కోటలు, పక్షులు

రామప్పకు వెళ్లేవాళ్లు లోపల చీకటి అనే కారణం చెబుతారు. రాయి కదలదు కదా! కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి కాబట్టి చేతిలో పట్టుకునే తీయాలి. అక్కడ సెన్సర్ సైజు కన్నా బాడీలోని స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు) ఎక్కువ ఉపయోగం. 1/80 బదులు 1/10తో చెయ్యి కదలకుండా తీయగలిగితే మూడు స్టాపులు కలిసొస్తాయి. సోనీ ఏ6700, కెనాన్ ఆర్7, ఫ్యూజీ ఎక్స్-టీ5 క్రాప్ బాడీలే, స్టెబిలైజేషన్ వాటిలో ఉంది. రంగమండపం స్తంభాలు వెడల్పుగా రావాలంటే క్రాప్‌కు 10-20 మి.మీ. తరహా లెన్స్‌లూ దొరుకుతాయి.

రామప్పలో ఫుల్‌ఫ్రేమ్ బలం కనిపించేది బయట. చూరు కింద నల్లరాతి మదనికలు నీడలో ఉంటాయి, వెనక ఎర్ర ఇసుకరాతి గోడ మీద, ఆకాశం మీద ఎండ మండుతుంటుంది. ఆకాశం తెల్లబోకుండా తీసి, తర్వాత నీడను పైకి లేపితే, నల్లరాతి మీద చెక్కిన నగల వివరం పెద్ద సెన్సర్‌లో ఇంకాస్త శుభ్రంగా వస్తుంది. ఓరుగల్లు కోట కీర్తితోరణాలను సూర్యుడికి ఎదురుగా తీసినా అంతే. కాకపోతే రాతి బొమ్మలను మూడు ఎక్స్‌పోజర్లలో తీసి కలుపుకోవచ్చు, దానికి ఖర్చేమీ లేదు.

పాకాల చెరువు దగ్గర పక్షులు తీసేవాళ్లయితే మారకండి. దూరంగా ఉన్న పక్షికి క్రాప్ సెన్సరే అనుకూలం. 500 మి.మీ. లెన్స్ అక్కడ 750 అంత దగ్గరగా చూపిస్తుంది. అదే పని ఫుల్‌ఫ్రేమ్‌లో కావాలంటే నికాన్ డీ850 లాంటి 45 మెగాపిక్సెళ్ల బాడీ ఉండాలి. దాన్ని క్రాప్ మోడ్‌లో పెట్టినా దక్కేది సుమారు 19 మెగాపిక్సెళ్లే.

ఉన్న లెన్స్‌లు ఏమవుతాయి?

కంపెనీని బట్టి జవాబు మారుతుంది. నికాన్ డీఎక్స్ (క్రాప్) లెన్స్‌లు, సోనీ ఈ-మౌంట్ క్రాప్ లెన్స్‌లు అదే కంపెనీ ఫుల్‌ఫ్రేమ్ మీద ఎక్కుతాయి. బాడీ దానంతటదే క్రాప్ మోడ్‌లోకి వెళ్లి 24 మెగాపిక్సెళ్లను 10కి దించేస్తుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ (క్రాప్) లెన్స్‌లు కెనాన్ ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ మీద అసలు ఎక్కవు. ఆర్ సిరీస్ మీద అడాప్టర్‌తో ఎక్కినా క్రాప్ మోడే. ఫ్యూజీఫిల్మ్ ఫుల్‌ఫ్రేమ్ తయారే చేయదు. కాబట్టి ఫ్యూజీ వాళ్లకు మారడమంటే బాడీ, లెన్స్‌లు, ఫ్లాష్ అన్నీ మార్చడమే. కాగితం మీద కొత్త బాడీ ధర రాసి, దాని కింద ఒక ఎఫ్ 2.8 జూమ్, ఒక ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ కాని లెన్స్) ధర రాయండి. అమ్మితే వచ్చే పాత లెన్స్‌ల డబ్బు తీసేయండి. ఆ మొత్తం అప్పు లేకుండా కట్టగలరా అన్నది చూడండి. కిస్తీల మీద బాడీ కొని, కిస్తీ కట్టడానికి తక్కువ రేటుకు పెళ్లిళ్లు ఒప్పుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ 70-200, ఎఫ్ 2.8 లెన్స్ ఒక్కటే కిలో నుంచి ఒకటిన్నర కిలో దాకా ఉంటుంది. తెల్లవారుజాము ముహూర్తం నుంచి రాత్రి బరాత్ దాకా అది మెడలో ఉంటుంది.

ఆల్బమ్ నాణ్యత గురించి భయం అక్కర్లేదు. మనం వేయించే 12 × 36 ఆల్బమ్ షీటులో ఒక పేజీ 12 × 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400 × 3600 పిక్సెళ్లు చాలు. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ బాడీ 6000 × 4000 ఇస్తుంది.

అద్దెకు తెచ్చి చూడండి

నిర్ణయం ఇంకా అటూఇటూ ఊగుతుంటే ఒక పెళ్లికి ఫుల్‌ఫ్రేమ్ బాడీని, మీరు నిజంగా కొనబోయే లెన్స్‌తోనే అద్దెకు తీసుకోండి. షాపువాళ్లు చూపించే ఖరీదైన లెన్స్‌తో కాదు. మీ క్రాప్ బాడీని కూడా పక్కనే ఉంచుకుని, ఒకే చోట నిలబడి ఒకే దృశ్యాన్ని రెండింటితోనూ తీయండి. హాల్లో ఒకసారి, బరాత్‌లో ఒకసారి, గ్రూపు ఫోటో ఒకసారి. రెండు ఫైళ్లనూ మీరు రోజూ చేసే పద్ధతిలోనే ఎడిట్ చేసి, కలర్ ల్యాబ్‌లో 12 × 18 ప్రింటు వేయించండి. ఏది ఏదో ప్రింటు వెనక రాసి, ఆ రాత కనబడకుండా ఇంట్లోవాళ్లకు, ఒక పాత కస్టమర్‌కు చూపించండి. కంప్యూటర్ తెర మీద రెండు వందల శాతం పెద్దది చేసి చూస్తే కనిపించే తేడా, ప్రింటులో చేతి దూరం నుంచి ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. బరాత్ ఫోటోలో వాళ్లు తడుముకోకుండా ఫుల్‌ఫ్రేమ్ ప్రింటునే ఎంచుకుంటే, లెన్స్‌కూ డబ్బు సిద్ధంగా ఉంటే, ఇక ఆగకండి, మారండి.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులయ్యాయో) అడగండి. నికాన్ డీ750 లాంటి బాడీల షటర్‌ను లక్షా యాభై వేల క్లిక్కుల వరకు పరీక్షించారు. పెళ్లిళ్లలో వాడిన బాడీ ఆ అంకె దగ్గరకు వచ్చి ఉంటే ధరలో షటర్ మార్పిడి ఖర్చు తగ్గించమనండి. ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడను తీసి చూస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. 2012 నాటి నికాన్ డీ600కు ఈ మచ్చల సమస్య బాగా ఉండేది, దాని బదులు మరుసటి ఏడు వచ్చిన డీ610 చూడండి. లెన్స్‌లోకి టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూడటం మరవద్దు. మన వానాకాలంలో బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్స్‌లకు అది పట్టేస్తుంది.

పెళ్లిళ్లు తీసేవాళ్లు కార్డు స్లాట్లు ఎన్నో తప్పకుండా చూడాలి. కెనాన్ 6డీ, ఆర్‌పీ, ఆర్8 ఫుల్‌ఫ్రేమ్‌లే అయినా స్లాటు ఒక్కటే. నికాన్ డీ7200 క్రాప్ అయినా రెండున్నాయి. నికాన్ జెడ్5, సోనీ ఏ7-3 ఫుల్‌ఫ్రేమ్‌లలోనూ రెండు. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కాబట్టి, ఒకే కార్డు మీద పెళ్లి తీయాల్సిన బాడీని నేనయితే మొదటి బాడీగా తీసుకోను.

మారినా పాత క్రాప్ బాడీని అమ్మేయకండి. దానికి వచ్చే ధర ఎలాగూ తక్కువే. 50, ఎఫ్ 1.8 పెట్టి భుజానికి వేసుకుంటే 75 లేదా 80 మి.మీ. పోర్ట్రెయిట్ లెన్స్‌తో రెండో కెమెరా సిద్ధం. కొత్తదాని మీద వెడల్పు జూమ్ ఉంచవచ్చు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు వెళ్లినప్పుడు ఆ దుమ్ములో లెన్స్ విప్పే అవసరమే రాదు.